కమిటీదే తుది నిర్ణయం

మా పర్లాకిమిడిలో సంక్రాంతికి టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటు అనగానే ముందు అచ్చయ్యేది కరపత్రం. పైన వినాయకుడు, పక్కన చందా ఇచ్చినవాళ్ల ఫోటోలు, ఎంట్రీ ఫీజు, మొదటి బహుమతి, రెండో బహుమతి, అన్నిటికన్నా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను: కమిటీదే తుది నిర్ణయం. ఒక వైపు తెలుగులో ఉంటుంది, వెనక్కి తిప్పితే ఒడియాలో ఉంటుంది. రెండు భాషల్లోనూ దానర్థం ఒకటే. మమ్మల్ని అడక్కండి.

పదిహేనేళ్లుగా ఆ లైను వెనకాల ఉన్న కమిటీలో నేనూ ఒకణ్ని. పొట్టకూటికి ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. గట్టు తగాదాలు, పార్టిషన్ దావాలు, అప్పుడప్పుడు చెక్ బౌన్సు కేసులు. అవతలి పార్టీ అగ్రిమెంటులో ‘మాదే తుది నిర్ణయం’ అని రాసుకుంటే జడ్జిగారి ముందు దాన్ని ఉతికి ఆరేస్తాను. సాయంత్రం గ్రౌండుకెళ్లి అదే లైను కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఇందులో ఏదో తిరకాసు ఉందని చాలాకాలం నాకు తట్టలేదు.

మూడేళ్ల కిందట తట్టింది. ఆ ఏడు పాతపట్నం వైపు నుంచి ఒక పల్లెటూరి టీము వచ్చింది. పాతపట్నం ఎంతో దూరం కాదు, ఆటో ఎక్కితే బోర్డరు దాటేస్తాం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గీసిన గీతకి మేం ఇటు పడ్డాం, వాళ్లు అటు పడ్డారు, అంతే తేడా. ఆ టీములో ఒక గుంటడు, ఇరవై ఏళ్లుంటాయేమో, ఊళ్లో వడ్రంగి చెక్కిచ్చిన బ్యాటుతో ఆడుతున్నాడు. దానికి స్టిక్కరు లేదు, రంగు లేదు. హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. అంచులు మాత్రం లావుగా, చపాతీ కర్రలా గుండ్రంగా ఉన్నాయి. అంచుకి తగిలిన బంతి కూడా గోడ అవతల పడుతోంది. మూడు మ్యాచులు అలాగే గెలిచి ఫైనల్‌కి వచ్చేశారు.

ఫైనల్లో వాళ్లతో ఆడాల్సిన టీముకి కెప్టెన్ మా ట్రెజరర్ మేనల్లుడు. ముందురోజు రాత్రి పది గంటలకి ట్రెజరర్ ఫోను. “బావా, ఆ బ్యాటు రూల్సు ప్రకారం లేదట. నువ్వోసారి రావాలి.” వెళ్లాను. అప్పటికే ఎవరి సెల్‌ఫోన్లోనో ఎంసీసీ వారి, అంటే క్రికెట్ రూల్సు రాసే లండన్ క్లబ్బువారి, క్రికెట్ చట్టం తెరిచి ఉంది. 2017 అక్టోబర్ నుంచి బ్యాటు అంచు 40 మిల్లీమీటర్లు దాటకూడదు, మందం 67 దాటకూడదు, వెడల్పు ఎప్పట్నుంచో ఉన్న 108. దర్జీని లేపి టేపు తెప్పించారు. ఒకరు కొలిస్తే 39 వచ్చింది. ఇంకొకరు కొలిస్తే 43 వచ్చింది. గుండ్రంగా ఉన్న అంచు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది? ఆ ప్రశ్న ఆ రాత్రి ఎవరికీ రాలేదు. పెద్ద అంకె వచ్చిన కొలతనే ఖాయం చేశాం. సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

పొద్దున్న ఆ గుంటడు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. “లాయరు బాబూ, ఇదే బేటుతోటి మూడు మేచులాడినాను. అప్పుడు నేని రూలు రాత్రికి రాత్రి ఎక్కడ్నించొచ్చీసింది?” అన్నాడు. నేను కరపత్రం మడత విప్పి అడుగు లైను చూపించాను. చదివాడు. నా మొహంకేసి ఒకసారి చూసి, బ్యాటు నా కుర్చీకి ఆనించి వెళ్లిపోయాడు. ఎవరిదో బ్యాటు అడిగి తెచ్చుకుని ఫైనల్ ఆడారు, ఓడిపోయారు. ఆ బ్యాటు కోసం మళ్లీ రాలేదు. ఇప్పటికీ అది మా ఇంట్లో కేసు కట్టల బీరువా పక్కన నిలబడి ఉంది.

గోల్ఫ్‌లోకి నేను దిగింది ఈ దారినే. ఆటల్లో వాడే సామాను మీద కోర్టు కేసులేమైనా నడిచాయా అని వెతుకుతుంటే అమెరికా తీర్పు ఒకటి దొరికింది. 1991 నాటిది, గిల్డర్ వర్సెస్ పీజీఏ టూర్. మొదట రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశాను. గోల్ఫ్ గురించి నాకు తెలిసిందల్లా డబ్బున్నోళ్లు పొద్దున్నే టోపీ పెట్టుకుని నడిచే ఆట అని. తర్వాత విశాఖ వెళ్లినప్పుడు, నేవీలో చేసి రిటైరైన నా స్నేహితుడు ఒక పాత ఇనుప కర్ర నా చేతిలో పెట్టాడు. ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకి వెళ్తుంటాడతను. “ఆ మొహం మీద గోరు పెట్టి కిందికి లాగు” అన్నాడు. లాగాను. టక్ టక్ మని గోరు గాడిగాడికీ ఆగింది. కంటికి పెన్సిలు గీతల్లా కనిపించేవి గోటికి మెట్లలా తగిలాయి. ఆ గాడుల మీదే కోట్ల డాలర్ల దావా నడిచింది.

గాడి ఎందుకంటే, బంతి పొడి నేల మీద ఉంటే దానితో పెద్ద పనిలేదు. బంతి తడిగడ్డిలో పడ్డప్పుడే అసలు కథ. కొట్టేటప్పుడు కర్రకీ బంతికీ మధ్య గడ్డి రసం, నీరు చేరతాయి. పట్టు దొరకదు. వానలో అరిగిన టైరుతో బ్రేకు వేస్తే స్కూటరు ఎలా జారుతుందో బంతి అలా జారిపోతుంది. తిరగకుండా పోయిన బంతి పడ్డచోట ఆగదు, దొర్లుకుంటూ పోతుంది. గాడి లోతుగా వెడల్పుగా ఉంటే ఆ నీరు అందులోకి పోయి కర్ర బంతిని పట్టుకుంటుంది. ఇంగ్లీషు వి అక్షరంలా కోసుగా ఉండే గాడి కన్నా యు అక్షరంలా, డబ్బాలా ఉండే గాడిలో చోటు ఎక్కువ. అందుకని గడ్డిలోంచి కొట్టినా బంతి గిర్రున తిరిగి చెప్పినచోట కూర్చుంటుంది. పాతకాలపు ఆటగాళ్లకి ఒళ్లుమండింది ఇక్కడే. మొదటి దెబ్బ తిన్నగా కొట్టలేక గడ్డిలో పడేసుకున్నవాడికి శిక్ష పడాలి కదా, ఈ కర్ర ఆ శిక్ష మాఫీ చేసేస్తోందని వాళ్ల బాధ.

ఆ గాడుల వెనక ఉన్న మనిషి పేరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి పసితనంలోనే అమెరికా వచ్చాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తనూ కొన్నాళ్లు ఆ పని చేశాడు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు. నలభై దాటాక గోల్ఫ్ నేర్చుకున్నాడు. బంతి తిన్నగా పోవడం లేదని 1959లో ఇంట్లోనే సొంతంగా ఒక కర్ర చేసుకున్నాడు. బంతికి తగిలినప్పుడు ‘పింగ్’మని మోగింది, అదే కంపెనీ పేరైంది. 1982లో పింగ్ ఐ2 అనే ఇనుప కర్రలు తెచ్చాడు.

ఇక్కడి నుంచి తేదీలు వరసగా చూడాలి, లాయరు బుద్ధి కాబట్టి. 1984 నుంచి యు గాడి పెట్టుకోవచ్చని అమెరికా గోల్ఫ్ సంఘం, అంటే యూఎస్‌జీఏ, తానే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుంది? అప్పటికి కర్రలు పోతపోసి చేస్తున్నారు. మన ఒడిశాలో ఢోక్రా బొమ్మలు చేస్తారే, మైనంతో అచ్చు చేసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసి, అదే పద్ధతి. అందులో వి గాడి శుభ్రంగా రాదు, యు గాడి సులువు. అంటే ఆట కోసం కాదు, తయారీ తేలికవుతుందని ఇచ్చిన సడలింపు. తర్వాత గొడవ అంతా ఆ సడలింపు ఆటని ఎటు తీసుకెళ్తుందో ముందు చూసుకోకపోవడం వల్లే.

సోల్‌హైమ్ గాడుల అంచులు పదునుగా ఉండి బంతి తోలు లేచిపోయేది. అప్పట్లో మంచి ఆటగాళ్లు వాడే బంతికి బలాటా అనే మెత్తటి తొడుగు ఉండేది. ఆటగాళ్లు మొత్తుకున్నారు. ఆయన 1985లో గాడి అంచుల్ని కాస్త అరగదీసి గుండ్రం చేశాడు. అక్కడ చిక్కుకున్నాడు. రూలు ప్రకారం రెండు గాడుల మధ్య ఖాళీ, గాడి వెడల్పుకి మూడు రెట్లకు తగ్గకూడదు. వెడల్పు ఎక్కడి నుంచి కొలవాలి? గాడి నిట్టనిలువు గోడ నుంచి కొలిస్తే కర్ర పాసు. గుండ్రం మొదలైన చోటు నుంచి కొలిస్తే గాడి వెడల్పు పెరిగింది, మధ్య ఖాళీ తగ్గింది, కర్ర ఫెయిలు. తేడా వెంట్రుకవాసి. 1987లో యూఎస్‌జీఏ ఫెయిలని చెప్పింది.

ఇది చదివాక లేచి వెళ్లి బీరువా పక్కనున్న బ్యాటు చూశాను. 39, 43.

1989లో సోల్‌హైమ్ కంపెనీ యూఎస్‌జీఏ మీద పది కోట్ల డాలర్లకి దావా వేసింది. 1990 జనవరిలో రాజీ కుదిరింది. 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైన ఐ2 కర్రలన్నీ చెల్లుతాయి, ఆ తర్వాత చేసేవాటికి గాడులు మార్చాలి. ఈలోగా ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ ఇంకో అడుగు ముందుకేసింది. పింగ్ ఒక్కటే కాదు, యు గాడి ఉన్న కర్రలు ఏ కంపెనీవైనా సరే 1990 జనవరి 1 నుంచి మా పోటీల్లో కుదరవంది. బాబ్ గిల్డర్, మరికొందరు ఆటగాళ్లు, పింగ్ కంపెనీ కలిసి అరిజోనాలోని ఫెడరల్ కోర్టుకెక్కి తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. అప్పీలు కోర్టు 1991లో దాన్ని ఖాయం చేసింది. 1993లో టూర్ రాజీకొచ్చి నిషేధం వదులుకుంది.

ఆ తీర్పు చదువుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు, అదే విచిత్రం. గట్టు కేసులో తాత్కాలికంగా ఆపమంటూ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద నేను వేసే పిటిషనే అది. ప్రైమా ఫేసీ, అంటే పైకి చూడ్డానికి, కేసు ఉందా, బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియెన్స్, అంటే సాధకబాధకాల మొగ్గు, ఎవరివైపు, ఇప్పుడు ఆపకపోతే తర్వాత పూడ్చలేని నష్టం ఎవరికి. యు గాడి ఆటకి మంచిదా చెడ్డదా అని జడ్జీలు తేల్చలేదు. కేసు తేలేలోగా నిషేధం అమలైతే ఆటగాడి చేతిలో అలవాటైన కర్ర పోతుంది, కంపెనీకి దొంగ సరుకు చేసేవాడన్న పేరు వస్తుంది, ఆగితే టూర్‌కి పోయేదేం లేదు. అంతే చూశారు. టూర్ బోర్డు సభ్యులు తమ మీదున్న నమ్మకానికి తగ్గట్టు నడుచుకోలేదన్నది కూడా ఫిర్యాదులో ఒక భాగం. అది చదివినప్పుడు ట్రెజరర్ మేనల్లుడు కళ్లముందు ఆడాడు.

కమిటీలన్నీ కోర్టులో ఓడిపోతాయని కాదు. నిజానికి గెలిచినవే ఎక్కువ గుర్తుంచుకోవాలి. 1977లో టెన్నిస్‌లో స్పగెట్టీ రాకెట్ అని ఒకటి వచ్చింది. రెండు వరసల తీగలు, మధ్యలో గొట్టాలు. బంతి పిచ్చిపట్టినట్టు తిరిగేది. మట్టి కోర్టు మీద ఎదురులేకుండా గెలుస్తున్న గిల్లెర్మో విలాస్, దానితో ఆడిన ఇలీ నాస్టాసేకి రెండు సెట్లు పోగొట్టుకుని మూడోది ఆడకుండా వెళ్లిపోయాడు. రాకెట్‌ని నిషేధించారు. దాన్ని అమెరికాలో అమ్ముకునే గుంటర్ హార్జ్ కంపెనీ కోర్టుకెళ్లి 1981లో ఓడిపోయింది. గోల్ఫ్‌లోనే వెయిట్‌రైట్ అనే కంపెనీ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి సాఫీగా మారేలా బూట్లు చేసింది, యూఎస్‌జీఏ కాదంది, 1991లో ఫ్లోరిడా కోర్టు యూఎస్‌జీఏ వైపే నిలబడింది. రూలు పెట్టిన సంఘం రాకెట్లూ బూట్లూ అమ్ముకోవడం లేదు. తన పద్ధతి ప్రకారం తను పోయింది. అలాంటప్పుడు కోర్టుకి అందులో వేలుపెట్టే పనిలేదు.

పొలారా బంతి సంగతి వేరు. 1977లో వచ్చిన ఈ బంతి మీది గుంటలు ఒక పట్టీలో ఒకలా, మిగతా చోట ఇంకోలా ఉండేవి. దానివల్ల పక్కకి తిరిగే బంతి గాల్లోనే దారిలోకి వచ్చేది. అడ్డం కొట్టేవాడికి వరం. దీన్ని ఆపాలంటే యూఎస్‌జీఏ దగ్గర రూలు లేదు. అందుకని బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలని 1981లో కొత్తగా రాసింది. కంపెనీ దావా వేసింది, చివరికి దాదాపు 14 లక్షల డాలర్లకి రాజీ అయింది. రూలు న్యాయమైనదే అని నా లెక్క. తనంతట తనే తిన్నగా వెళ్లే బంతితో ఆడితే ఇంక ఆడేది ఎవరు? కానీ ఒకడి సరుకు ముందు పెట్టుకుని, దానికి సరిపోయేలా రూలు కుట్టారు. ఆ కుట్టుకూలే వాళ్లు కట్టింది.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం రావాలి. ఏ రూలైనా సరుకు వచ్చాకే కదా పుట్టేది? 1979లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటు పట్టుకుని పెర్త్‌లో దిగాడు కాబట్టే కదా బ్యాటు చెక్కదే అయ్యుండాలని క్రికెట్ చట్టంలో రాశారు. అంతకన్నా పాతది, 1771. ఇంగ్లండులో చెర్ట్సీ అనే జట్టు తరఫున థామస్ వైట్ అనేవాడు వికెట్లంత వెడల్పున్న బ్యాటు పట్టుకొచ్చాడు. బౌలర్ వేసేదేమిటి ఇంక? ఎదుటి జట్టు హాంబిల్డన్. రెండ్రోజుల తర్వాత ఆ క్లబ్బువాళ్లు కాగితం మీద రాసి సంతకాలు పెట్టారు: బ్యాటు వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. 108 మిల్లీమీటర్లు అంటే అదే, ఇవాళ్టికీ మారలేదు. దానికి సరిపడా ఇనుప చట్రం ఒకటి చేయించి పెట్టుకున్నారు, అందులోంచి దూరని బ్యాటు పనికిరాదు.

అయితే ఆ మ్యాచులో హాంబిల్డన్ ఒక్క పరుగుతో గెలిచింది. ఓడిపోయి ఏడ్చి రూలు మార్చలేదు. ఆట అయిపోయాక, ఫలితం జోలికి పోకుండా, రేపటి నుంచి అని రాసుకున్నారు. మేం రాత్రి పదింటికి దర్జీని లేపింది మర్నాటి ఫైనల్ కోసం. నేను పట్టుకు వేలాడేది ఈ తేడా దగ్గరే. గాడి ఎంతుండాలో, బ్యాటు ఎంతుండాలో కమిటీనే చెప్పనివ్వండి. కానీ కొలత ఎక్కడ మొదలుపెడతారో ఆటకి ముందే చెప్పాలి. కొలిచేవాడికి ఫైనల్లో మేనల్లుడు ఉండకూడదు. ఇది జరగనప్పుడు ‘తుది నిర్ణయం’ అన్న మాటని ఏ కోర్టైనా పక్కన పెట్టాలి, పెట్టడం తప్పు కాదు.

కోర్టు ఇంతకు మించి ముందుకెళ్తే ఏమవుతుందో కేసీ మార్టిన్ కేసులో చూశాం. కుడికాలికి రక్తప్రసరణ జబ్బుతో నడవలేని ఆటగాడు ఇతను. చిన్న కారులో తిరుగుతూ ఆడనివ్వమని అడిగాడు. టూర్ కుదరదంది. ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్ లాంటి మహామహులు నడక ఆటలో భాగమే అని సాక్ష్యమిచ్చారు. పద్దెనిమిది గుంతలు నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 500 కేలరీలే అని డాక్టరు లెక్క చెప్పాడు. 2001 మే 29న అమెరికా సుప్రీంకోర్టు 7–2తో మార్టిన్ వైపు తీర్పిచ్చింది. గోల్ఫ్ అంటే బంతి కొట్టడం, నడవడం కాదంది. జస్టిస్ స్కాలియా మాత్రం వెటకారంగా విడి తీర్పు రాశాడు: ఏ ఆట రూలైనా ఎవరో ఊరికే పెట్టుకున్నదే, అందులో ఇది ముఖ్యం ఇది ముఖ్యం కాదు అని జడ్జీలు ఎలా చెప్తారు అని. నాకు ఫలితం నచ్చింది, స్కాలియా ప్రశ్న కూడా నచ్చింది. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఇంకోటి పట్టుకున్నట్టుంది కానీ ఏం చేయను. ఒక్కటి చెప్పగలను. అదే టూర్ తన అర్హత పోటీల్లో మొదటి రెండు దశల్లో, పెద్దవయసు వాళ్ల పోటీల్లో కారు వాడనిచ్చేది. జడ్జీలు గోల్ఫ్ ఆత్మని వెతకకుండా ఈ ఒక్క పాయింటు పట్టుకున్నా మార్టిన్ గెలిచేవాడే.

ఈ కథలో నాకు భలే నచ్చిన మలుపు 2010లో వచ్చింది. ఆ ఏడాది నుంచి గాడుల మీద కొత్త రూలు అమల్లోకొచ్చింది. గాడిలో ఖాళీ తగ్గాలి, అంచులు మరీ పదునుగా ఉండకూడదు, గుండ్రంగా ఉండాలి. గుండ్రంగా! పాతికేళ్ల కిందట సోల్‌హైమ్ గుండ్రం చేసినందుకే కదా ఇంత రామాయణం. ఆయన అప్పటికి లేడు, 2000లోనే పోయాడు. ఉండుంటే నవ్వుకునేవాడో, మళ్లీ దావా వేసేవాడో.

దానికి తోడు ఇంకో సరదా. 1990 రాజీ అప్పటికింకా బతికే ఉంది. పాత ఐ2 కర్ర ఇనుపసామాన్లో దొరికినా సరే, చెల్లేది. కొత్త రూలు కింద నిన్నమొన్నటి కర్రలు కూడా పనికిరాకుండా పోతుంటే, ఫిల్ మికెల్సన్ 2010 జనవరిలో టోరీ పైన్స్ పోటీకి ఇరవై ఏళ్ల నాటి పింగ్ ఐ2 పట్టుకుని దిగాడు. స్కాట్ మెక్‌కారన్ అనే తోటి ఆటగాడు అది మోసం అన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. మోసం ఎలా అవుతుంది? రాజీ పత్రంలో ఉన్నదే చేశాడు. మా కోర్టులో అయితే ఇలాంటి పాత డిక్రీ ఒకటి తాతల నాటి పెట్టెలోంచి బయటపడి రెండు కుటుంబాలు మళ్లీ మొదటికి రావడం ఏడాదికొకసారి చూస్తాం. చివరికి ఆ మార్చిలో పింగ్ కంపెనీయే తన హక్కు వదులుకుంది. కోర్టు బలవంతం లేదు. ప్రొఫెషనల్ పోటీల్లో పాత కర్రల కథ అక్కడికి ముగిసింది.

తర్వాతి గొడవలు కోర్టు దాకా రాలేదు. బంతిని గుంతలోకి దొర్లించే కర్రని పటర్ అంటారు, పొడుగాటి పటర్‌ని పొట్టకో ఛాతీకో ఆనించి కొట్టడం మీద 2012 నవంబర్‌లో నిషేధం ప్రతిపాదించారు, 2013 మేలో ఖాయం చేశారు, అమలు మాత్రం 2016 జనవరి 1 నుంచి. మధ్యలో ఆడం స్కాట్ అదే పద్ధతిలో 2013 మాస్టర్స్ అనే పెద్ద పోటీ గెలిచాడు, ఎవరూ దాన్ని వెనక్కి లాక్కోలేదు. కొందరు ఆటగాళ్లు లాయర్ని పెట్టుకున్నారు, దావా మాత్రం పడలేదు. ఇప్పుడు బంతి మరీ దూరం పోతోందని పరీక్ష కఠినం చేస్తూ 2023 డిసెంబర్‌లో ప్రకటించినప్పుడు కూడా, పెద్ద ఆటగాళ్లకి 2028 నుంచి, మామూలు జనానికి 2030 నుంచి అన్నారు. కంపెనీలు రుసరుసలాడుతున్నాయి. అయినా ఇంత గడువు ఇస్తే ఏ జడ్జి దగ్గర తీరని నష్టం అని చెప్పుకుంటారు? యు గాడి కేసు నేర్పిన పాఠమే ఇదని నా అనుమానం.

ఇదంతా ఒకసారి టీ బడ్డీ దగ్గర మా ట్రెజరర్‌కి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. “బావా, నీ సోల్‌హైమ్ దగ్గర డబ్బుంది కాబట్టి పది కోట్ల దావా వేశాడు. మనూళ్లో ప్రతి గుంటడూ ఇంజంక్షన్ తెస్తే సంక్రాంతి టోర్నమెంటు శివరాత్రికి అవుతుంది” అన్నాడు. అందులో రెండో సగం హాస్యం. మొదటి సగం మాత్రం ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. చెప్పులు కుట్టేవాడి కొడుకే అయినా సోల్‌హైమ్ అప్పటికి పెద్ద కంపెనీకి యజమాని. పొలారా దగ్గరా ఫీజు కట్టే స్తోమతుంది. కర్ర అరగదీసినందుకు పోటీలోంచి వెళ్లగొట్టబడ్డ అనామకుడెవడైనా ఆ తీర్పుల్లో ఉన్నాడా అని వెతికాను. కనపళ్లేదు. ఉండడు కూడా. వాడు బ్యాటు కుర్చీకి ఆనించి ఆటో ఎక్కేసి ఉంటాడు.

పోయిన దసరాకి ముందు కమ్మరి దగ్గరికెళ్లి హాంబిల్డన్ వాళ్ల లాంటి ఇనుప చట్రం ఒకటి చేయించాను. వెడల్పుకొక సందు, అంచు మందానికొక సందు. డబ్బులు తీసుకుంటూ “ఇది దేనికి బాబూ?” అని అడిగాడతను. చెప్తే నవ్వాడు. కమిటీ మీటింగులో పెట్టాను. ఈసారి టోర్నమెంటుకి నెల ముందే కరపత్రం మీద చట్రం కొలతలు వేద్దాం, ఎంట్రీ రోజునే అందరి బ్యాట్లూ ఇందులోంచి దూర్చి చూద్దాం, తర్వాత ఎవరూ నోరెత్తకూడదు, మనతో సహా అన్నాను. ట్రెజరర్‌కి కూడా నచ్చింది. సరే ముందు మన కిట్ బ్యాటుతో చూద్దామని అటక మీంచి దాన్ని దింపించాడు.

దూరలేదు. అంచు దగ్గర ఇరుక్కుంది. అంచు చీలిందని కిందటేడు ఎవరో నల్లటి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టారు.

“టేపు చెక్క కాదు కదా, దాన్ని లెక్కలో వేయకూడదు” అన్నాడు ట్రెజరర్.

“బంతికి తగిలేది టేపే కదా” అన్నాడు ఇంకొకాయన.

నేను ఏమీ అనలేదు. ఇంటికొచ్చి వడ్రంగి చేసిన ఆ బ్యాటుని కూడా చట్రంలో పెట్టి చూశాను. గుండ్రటి అంచు ఒకవైపు నుంచి పెడితే ఆగింది, కొంచెం వాల్చి పెడితే సర్రున జారిపోయింది. కరపత్రంలో ఆ ఒక్క లైను ఎలా రాయాలో ఇంకా తేలలేదు. బ్యాటు నిలువుగా పెట్టి కొలవాలా, టేపు తీసి కొలవాలా. అచ్చుకివ్వడానికి ఇంకా పదకొండు రోజులుంది.